సారు కోసం పడ్డవాళ్ళం

మా ఐకిడో సారు పోయిన మంగళవారం ఉదయం చనిపోయారు. వయసు డెబ్బై ఒకటి. తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలు మంచంలో ఉన్నారు. చివరికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నాకు ఫోన్ చేసింది ఆయన పాత శిష్యుడు యాకూబ్.

"అన్నా, సారు పోయిండు. ఏడున్నరకు. అక్క పక్కనే ఉన్నది. నువ్వు జర మన హాలోళ్ళకు చెప్పు," అన్నాడు.

అంతే మాట్లాడాడు. అక్క అంటే సారు భార్య, మేమందరం అలాగే పిలుస్తాం. నేను సమయం, కారణం, అంత్యక్రియలు ఎక్కడో కాగితం మీద రాసుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా పేపరు విలేకరిగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, చావు కబురు వింటే చెయ్యి ముందు పెన్ను కోసం వెతుకుతుంది. ఆ తర్వాత మన హాలు వాళ్ళు ఎవరెవరని గుర్తు చేసుకుంటే పదకొండు పేర్లు వచ్చాయి. ఒకప్పుడు ఒక్క ఉదయమే అంతకు మూడింతల మంది ఉండేవారు.

మరునాడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. వాటిలో తప్పేమీ లేదు. ఆ నాలుగు లైన్లలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను. వాటిలో నేను సారుతో చెప్పిన ఒక అబద్ధం కూడా ఉంది. అది లేకుండా రాస్తే మా ఐకిడో క్లబ్బు చరిత్ర సగమే అవుతుంది.

సారు కాజీపేటలో రైల్వే ఫిట్టర్. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నేళ్ళు ముంబయిలో ఉన్నారు. పని అయ్యాక గదిలో పొద్దుపోక ఒక వ్యాయామశాలకు వెళ్ళేవారట. ఐకిడో అక్కడే నేర్చుకున్నారు. ఇది జపాన్ విద్య. గుద్దులు, తన్నులు పెద్దగా ఉండవు, పోటీలు అసలే ఉండవు. ఒకరు మణికట్టు పట్టుకుంటారు. రెండోవారు ఆ పట్టు వచ్చిన దారినే తిరిగి, పట్టినవాడి బలంతోనే వాణ్ణి నేలకు దించుతారు. దిగినవాడు దొర్లి లేస్తాడు. తర్వాత వంతు మారుతుంది. చూసేవాళ్ళకు ఇద్దరూ కలిసి ఏదో ఆడుతున్నట్టు ఉంటుంది. సగం నిజమే. పడేవాడు కూడా పని చేస్తేనే నేర్చుకోవడం సాగుతుంది.

బదిలీ మీద ఊరికి వచ్చాక ఆయన క్వార్టర్ డాబా మీద నలుగురితో మొదలుపెట్టారు. కింది ఇంటివాళ్ళు తమ పైకప్పు కూలుతోందని గొడవ చేశారు. అప్పుడు హన్మకొండలో ఫంక్షన్ హాలు ఉన్న చిన్ననాటి దోస్తు ఒకాయన, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో భోజనాల గది వాడుకోమన్నాడు. క్లబ్బు చివరిదాకా అక్కడే నడిచింది. అందుకని మా క్లాసులు పంచాంగం ప్రకారం జరిగేవి. మాఘంలో, వైశాఖంలో వారాల తరబడి సెలవులే. ఆషాఢంలో రోజూ క్లాసు. మూఢం వచ్చిందంటే సారు ముఖం వెలిగేది.

"ఊరందరికి మూఢం, మనకు పండుగ. ఎవ్వలు లేటు రావద్దు," అనేవారు.

ఉదయం ఆరింటికి వెళ్ళి ముందు గది ఊడ్చేవాళ్ళం. ముందురోజు పెళ్ళి తాలూకు అక్షింతలు పాదాలకు అంటుకునేవి. గోడ మీద థర్మకోల్‌తో చేసిన వధూవరుల పేర్లు అలాగే ఉండేవి. ఏ జంటవో తెలియని ఆ పేర్ల కింద వరుసగా కూర్చుని సారుకు వంగి నమస్కరించేవాళ్ళం. ఐకిడోకు వేసే మెత్తటి చాపలు కొనే స్తోమత లేదు. కొత్తవాడ నేతగాళ్ళ దగ్గర రంగు కలిసిపోయి అమ్ముడుపోని జంపఖానాలు తెచ్చి, ఆరు వరసలు పరిచి, పైన టార్పాలిన్ పట్టా బిగించాం. ఆదివారం ఆదివారం వాటిని ఎండలో వేసి దులిపేవాళ్ళం. ఇరవై ఏళ్ళలో ఆ దుమ్ము ఎన్ని కిలోలు మింగామో తెలియదు.

నేను మొదట ఆ క్లబ్బు మీద వార్త రాద్దామని వెళ్ళాను. సారు నా నోటుబుక్కు తీసి కిటికీలో పెట్టారు. "రాసుడు తర్వాత, పేపరోడా. ముందు పడు," అన్నారు. ఆరు నెలలు పడటమే నేర్పారు. ముందుకు పడటం, వెనక్కు పడటం, పక్కకు పడి అరచేత్తో నేలను కొట్టడం. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకు ఇది నచ్చేది కాదు.

"సార్, సర్టిఫికెట్ ఇస్తరా? స్పోర్ట్స్ కోటాల పనికొస్తదా?" అని అడిగేవారు.

"రాదు."

"మెడల్స్?"

"పోటీలే లేవు, మెడల్ ఎక్కడిది? పక్క గల్లీల కరాటే ఉన్నది, మంచిగ నేర్పుతరు."

"మరి మీ దగ్గర ఏం లాభం సార్?"

"కింద పడ్తె దెబ్బ తల్గదు."

నూటికి తొంభై మంది కరాటేకే వెళ్ళారు. సారు వాళ్ళను ఒక్క మాట అనలేదు.

ఒక వానాకాలం ఏటూరునాగారం రోడ్డు మీద, తాడ్వాయి దాటాక, నా బండి తడి ఆకుల మీద జారింది. ఏం జరిగిందో తెలిసేలోపు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. చొక్కా భుజం దగ్గర చిరిగింది, అంతే. మరునాడు సారుతో చెప్పాను.

"బండికేమైంది?" అన్నారు.

"హెడ్‌లైట్ పగిలింది సార్."

"దాన్ని గూడ తోల్కరాకపోయినవ్? ఆర్నెల్లు పడుడు నేర్పుదుము."

ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. తప్పు చేస్తే వచ్చి మోచేతి కింద ఒక వేలు పెట్టేవారు. అది ఎక్కడికి కదలాలో ఆ వేలే చెప్పేది. చెప్పుల విషయంలో మాత్రం పట్టుదల. గుమ్మం దగ్గర బయటికి ముఖం పెట్టి విడవాలి. ఎవరైనా ఎలా పడితే అలా వదిలేస్తే తానే వంగి సరిచేసేవారు. "పోయేటప్పుడు తొందరుంటది. వచ్చేటప్పుడు ఏం తొందర?" అనేవారు. ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి: "నిన్ను పట్టుకున్నోడు దుష్మన్ కాదు. వాడు గట్టిగ పట్టుకుంటెనే నీకు విద్దె వస్తది."

ఆ మాటను మాలో అందరికన్నా బాగా విన్నవాడు యాకూబ్. హంటర్ రోడ్డు పక్కన అతనికి వెల్డింగ్ షాపు ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు చేరాడు. సారుకు డ్యూటీ పడితే క్లాసు అతనే నడిపేవాడు. సారు తర్వాత యాకూబే అన్నది ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

కరోనా వచ్చి హాలు రెండేళ్ళు మూతపడింది. ఆ మధ్యలో సారుకు పక్షవాతం తేలికగా వచ్చి తగ్గింది. మాట పోలేదు. కుడి చెయ్యి, కుడి కాలు మాత్రం ముందటిలా లేవు. హాలు మళ్ళీ తెరిచిన రోజు తొమ్మిది మందిమి వచ్చాం. సారు ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యకు వచ్చి, వరసలో పెద్దవాణ్ణని నన్ను పిలిచి కుడి చెయ్యి చాపారు. నేను పట్టుకున్నాను. ఆయన తిరిగారు. ఆ తిప్పులో బలం లేదు. నా పాదాల కింద నేల అలాగే ఉంది. నేను పడ్డాను.

ఎవరూ మాట్లాడుకుని చేసింది కాదు. ఆయన తిరిగి వచ్చారన్న సంతోషంలో నేను పడ్డాను, నా తర్వాతివాడు నన్ను చూసి పడ్డాడు, తొమ్మిది మందిమీ పడ్డాం. మరునాడు పడకుండా ఉండటం ఎలా? ఆరు నెలలు పడటం నేర్పిన మనిషి ముందు అందరం చక్కగా, చప్పుడు చేస్తూ పడేవాళ్ళం. ఆయన ముఖంలో రంగు వచ్చింది. నడక కూడా మెరుగైందని అక్క చెప్పారు. మేం మంచి పని చేస్తున్నామనే అనుకున్నాం. అలా ఏడాది గడిచింది.

ఆ ఏడాది యాకూబ్ ఊళ్ళో లేడు. షాపు మూసి ఎక్కడో బ్రిడ్జి పనికి వెళ్ళాడు. తిరిగి వచ్చి మొదటి క్లాసులోనే సారు చెయ్యి పట్టుకున్నాడు, ఇరవై ఏళ్ళుగా ఎలా పట్టుకున్నాడో అలాగే. సారు తిరిగారు. యాకూబ్ నిలబడే ఉన్నాడు.

"ఏందిరా, చెట్టు లెక్క నిలబడ్డవ్?" అన్నారు సారు నవ్వుతూ.

"మీరు నన్ను కింద ఎయ్యలే సార్. ఎట్ల పడాలె?"

సారు మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అంతే. నేను పక్కనుంచి మెల్లగా అన్నాను: "పడు భై, ఏమైతది?"

యాకూబ్ నా వైపు తిరిగి, దాచుకోకుండా మామూలు గొంతుతోనే అన్నాడు. "ఊకె పడ్తె సారుకు ఎట్ల ఎరుకైతదన్నా?"

క్లాసు అయ్యాక సారు నన్ను వెనక వంటశాలలోకి రమ్మన్నారు. బోర్లించిన పెద్ద గుండిగల మధ్య ఒక స్టూలు మీద కూర్చున్నారు. ఆయన అడిగినది నాకు ఒక్క మాట పోకుండా గుర్తుంది.

"నువ్వు పేపరోనివి. ఉన్నది ఉన్నట్టు రాసెటోనివి. నిజం చెప్పు. నేను ఏస్తాన్ననా, మీరు పడ్తాన్నరా? మీరే పడ్తాన్నరంటె జెప్పు. రేపటి సంది క్లాసు యాకూబ్‌కు అప్పజెప్త. నేను కుర్చీల కూసోని చూస్త. నాకేం బాధ లేదు."

బాధ లేదన్న మాట ఆయన ముఖంలో లేదు. నేను అన్నాను: "మీరే ఏస్తాన్నరు సార్. యాకూబ్ కావాల్నని బిగవట్టిండు."

రెండు వాక్యాలు. రెండూ అబద్ధాలే. మొదటిది సారు కోసం చెప్పాను. రెండోది ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మొదటిది నిలబడాలంటే రెండోది కావాల్సి వచ్చింది.

మరునాడు సారు అందరి ముందు యాకూబ్‌తో, "కొన్ని రోజులు రాకు. బిగవట్టుడు మానుకున్నంక రా," అన్నారు. యాకూబ్ నన్ను ఒకసారి చూశాడు. "సరే సార్," అని వంగి నమస్కరించి లేచాడు. గుమ్మం దగ్గర అతని చెప్పులు బయటికే ముఖం పెట్టి ఉన్నాయి. తొడుక్కోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

అతనితోపాటు ముగ్గురు మానేశారు. తర్వాత ఇంకో ఇద్దరు. క్లబ్బు సన్నబడుతుంటే సారుకు పట్టుదల పెరిగింది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక కాలేజీవాళ్ళు, ఆడపిల్లలకు ఆత్మరక్షణ గురించి చెప్పండని పిలిచారు. నేను వద్దని ఒకసారి అన్నాను. "ఎందుకు వద్దు?" అన్నారు. దానికి చెప్పగల కారణం నా దగ్గర ఒక్కటే ఉంది. అది చెప్పలేదు.

ఆ రోజు సారు స్టేజీ మీద ముందు మా మీద చూపించారు, మేం పడ్డాం, చప్పట్లు పడ్డాయి. మేం దిగి మొదటి వరసలో కూర్చున్నాం. తర్వాత మైకులో, "మీ దాంట్లకెళ్ళి ఎవలన్న రాండ్రి. మస్తు బలమున్నోడు," అన్నారు. కబడ్డీ ఆడే పిల్లవాడొకడు వచ్చాడు. పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు, ముందు సారు కాళ్ళకు మొక్కాడు. సారు చెయ్యి చాపి, "గట్టిగ పట్టుకో. ఎంతకూ ఇడువకు," అన్నారు. అతను చెప్పినట్టే చేశాడు.

మొదటిసారి సారు తిరిగితే పిల్లవాడు కదలలేదు. రెండోసారీ అంతే. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. మూడోసారి సారు ఒళ్ళంతా పెట్టి తిరిగారు. కుడి కాలు ఆయనతో తిరగలేదు. పక్కకు పడ్డారు. అలా పడేటప్పుడు చేత్తో నేలను కొట్టాలని మాకు వేలసార్లు చెప్పిన మనిషి. ఆ చెయ్యి పిల్లవాడి చేతిలో ఉంది. విడవొద్దన్నారని అతను విడవలేదు. స్టేజీ సిమెంటుది.

పిల్లవాడు నాతో, "గట్టిగ పట్టుకొమ్మన్నడు సార్, పట్టుకున్న," అన్నాడు. నీ తప్పేం లేదని అతనికి చెప్పాను. అది నిజం.

దవాఖానకు యాకూబ్ నేను చెప్పకముందే వచ్చాడు. ఎవరి ద్వారా తెలిసిందో అడగలేదు. ఎక్స్‌రే గది బయట నిలబడి, వంటశాలలో నేను సారుతో ఏమన్నానో అతనికి చెప్పాను. అతను తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ మీద వెల్డింగ్ మచ్చలు.

"ఎరుకేనన్నా. ఇంకెవలు చెప్పినా సారు నమ్మకపోవు. నువ్వు పేపరోనివి గదా," అన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి స్ట్రెచర్ ఒక వైపు పట్టుకున్నాడు.

తుంటికి ఆపరేషన్ చేశారు. నడక రాలేదు. హాలు ఇచ్చిన దోస్తు కూడా అప్పటికే చనిపోయాడు. ఆయన పిల్లలు భోజనాల గదికి ఏసీ పెట్టించే పని మొదలుపెట్టారు. జంపఖానాలు ఎలుకలు కొరికి ఉంటే చెత్త బండిలో వేశారు. క్లబ్బు మూతపడిందని ఎవరూ ప్రకటించలేదు. ఒక మూఢం వచ్చి వెళ్ళిపోయింది, ఎవరం కలవలేదు.

నేను వారానికోసారి ఇంటికి వెళ్ళేవాణ్ణి. సారు రాజకీయాలు అడిగేవారు, ధర్మసాగర్ చెరువులో నీళ్ళెంత ఉన్నాయో అడిగేవారు. వంటశాల సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి దుప్పటి కింద నుంచి కుడి చెయ్యి తీసి, "పట్టుకో పేపరోడా," అన్నారు. పట్టుకున్నాను. ఆయన తిప్పారు. ఆకు కదిలినంత. నేను కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద కూర్చున్నాను. అలవాటు అనను. ఆలోచించే చేశాను.

అక్క చాయ్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. సారు కళ్ళు మూసుకున్నాక కప్పు నా చేతికిచ్చారు.

"లే తమ్మీ. యాకూబ్ రోజు పొద్దున వస్తాండు, షాపు తెరువకముందు. ఓసారి ఆ టైముకు రా," అన్నారు.

మరునాడే వెళ్ళాను. అది ఆయన చనిపోవడానికి పన్నెండు రోజుల ముందు. గది తలుపు తెరిచే ఉంది. యాకూబ్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని సారు మణికట్టు పట్టుకుని ఉన్నాడు. మెత్తగా కాదు. వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా. సారు నుదుటి మీద చెమట.

"నూకుండ్రి సార్."

సారు పళ్ళు బిగించి తోశారు.

"రాలే. మళ్ల."

"ఇనుము వట్టినట్టు వట్టినవ్ గదరా, నీ యవ్వ!"

"ఇనుము పనే గద సార్ నాది. నూకుండ్రి. భుజం కెళ్ళి కాదు, నడుం కెళ్ళి. మీరు చెప్పిందే."

"నడుమేడున్నదిరా నాకు?"

"ఉన్నది. నూకుండ్రి."

నేను గుమ్మం దాటలేదు. ఎంతసేపు అలా సాగిందో గడియారం చూడలేదు. రాలే, మళ్ల. రాలే, మళ్ల. ఒకచోట యాకూబ్ మోచెయ్యి, అంతవరకు రాయిలా ఉన్నది, కొద్దిగా పక్కకు జరిగింది. అతను చూపుడువేలు గోరు మీద బొటనవేలు పెట్టి చూపించాడు.

"కదిలింది సార్. ఇంత."

"నువ్వు జరుపలే గదా?"

"లేదు సార్."

యాకూబ్ పట్టు వదిలాక సారు తన మణికట్టు ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నారు. యాకూబ్ నాలుగు వేళ్ళ గుర్తులు దాని మీద తెల్లగా పడి, చూస్తుండగానే ఎర్రబారుతున్నాయి. అవి పూర్తిగా మాయం కాకముందే ఆయన చెయ్యి మళ్ళీ యాకూబ్ ముందుకు చాపారు.